మా అమ్మాయి నన్ను కోర్టు లోపలికి రావద్దంది

ఎంవీపీ_నాన్న
మా పెద్దమ్మాయికి 12 ఏళ్లు. మూడేళ్ల నుంచి బ్యాడ్మింటన్ ఆడుతోంది. వారానికి ఐదు రోజులు, సాయంత్రం ఐదున్నర నుంచి ఏడింటి దాకా. విశాఖలో ఎంవీపీ కాలనీ నుంచి అక్కయ్యపాలెం వైపు స్కూటర్ మీద నేనే దింపుతాను, నేనే తీసుకొస్తాను. మధ్యలో ఆ గంటన్నర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూస్తుంటాను.

మొన్న ఆదివారం చిన్న టోర్నీ జరిగింది. మొదటి గేమ్ తనదే. రెండో గేమ్‌లో 16-12 మీద ఉండగా సర్వీసు నెట్‌కి కొట్టింది. మళ్లీ సర్వీసు చేతికొచ్చింది, మళ్లీ నెట్‌కే. అక్కణ్ణుంచి ఆట జారిపోయింది. మూడో గేమ్ 21-9తో పోయింది. వచ్చేటప్పుడు నేనేం తిట్టలేదండీ. 'ఆ సర్వీసులేంటమ్మా' అన్నాను, అంతే. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర బండి ఆగింది. వెనక నుంచి, ట్యూషన్ టైము మారిందని చెప్పినంత మామూలుగా, 'రేపట్నుంచి నువ్వు లోపలికి రాకు నాన్నా, గేటు దగ్గర దింపేసి వెళ్లిపో' అంది.

కోపం రాలేదు. అన్నం మాత్రం సయించలేదు. మా ఆవిడతో చెబితే 'అది మూడు నెలల కిందటే నాతో అంది' అంటోంది. ఫీజు, రాకెట్, బూట్లు, నెలకోసారి రాకెట్ తీగలు బిగించే గట్టింగ్, ఇవన్నీ లెక్క కట్టే మనిషిని కాను. కానీ ఆ గంటన్నర నేనెక్కడికి పోవాలి? ఇంటికెళ్లి మళ్లీ రావాలంటే ట్రాఫిక్‌లో ముప్పావు గంట అక్కడే పోతుంది. మీ పిల్లలెవరైనా ఇలా అన్నారా?

మురీమిక్చర్
ఎక్కడికి పోవాలా? బీచ్‌కి పోండి. కాళీమాత గుడి దగ్గర మురీ మిక్చర్ బండ్లుంటాయి. గంటన్నర అసలు చాలదు.

కంచరపాలెం_కీపర్
పిల్ల రావద్దంటే మానేయడమేనా? నితీశ్ కుమార్ రెడ్డి మన ఊరి కుర్రాడే కదా. కొడుకు క్రికెట్ కోసం వాళ్ల నాన్న ఉద్యోగమే వదిలేసుకున్నారు. 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో కొడుకు సెంచరీ కొడితే స్టాండ్స్‌లో ఆయన ఏడ్చింది దేశమంతా చూసింది. గేటు దగ్గర దింపేసి వెళ్లిపోయుంటే ఆ రోజు వచ్చేదా?

ఉక్కునగరం_అమ్మ
కీపర్ గారూ, ఉద్యోగాలు వదిలేసిన నాన్నలు చాలామందే ఉంటారు. టీవీలో కనిపించేది ఒక్కరే.

మావాడు ఫుట్‌బాల్. మా ఇంట్లో కోర్టు లోపల కూర్చునే జబ్బు మావారిది. లైన్ పక్కన నిలబడి 'లెఫ్ట్ లెఫ్ట్' అని అరిచేవారు. ఒకరోజు కోచ్ వచ్చి 'సార్, వాడు మీ మాట విని లెఫ్ట్‌కి పోతున్నాడు, నేను రైట్‌కి పొమ్మన్నాను' అన్నాడు. అప్పటి నుంచి నేను వెళ్తున్నా. ఆట అయిపోయాక నేనడిగేది ఒకటే, 'ఆకలేస్తోందా?' గెలిచినా అదే, ఓడినా అదే. ఆట సంగతి వాడే చెప్తాడు. ఒక్కోసారి రెండు రోజుల తర్వాత చెప్తాడు, ఒక్కోసారి అసలు చెప్పడు.

పెందుర్తి_స్పైక్స్
నేను కూతురి వైపు నుంచి చెప్తాను. 400 మీటర్లు పరిగెత్తేదాన్ని. ఇప్పుడు నాకు 20, మానేసి మూడేళ్లయింది.

మా నాన్న ప్రతి మీట్‌కీ వచ్చేవారు. ఏనాడూ ఒక్క మాట అనలేదు. చేతిలో చిన్న స్టాప్‌వాచ్, జేబులో మడిచిన క్యాలెండర్ కాగితం. అయిపోయిన నెల కాగితం చింపి, దాని వెనకాల నా టైమింగులు రాసేవారు. ఆఖరి వంద మీటర్లలో అందరూ ఫినిష్ లైన్ వైపు చూస్తారు, నేను నాన్న బొటనవేలు చూసేదాన్ని. నేను లైన్ దాటాక ఆయన వాచీ వంక ఒకసారి చూసి జేబులో వేసేసుకుంటే బాగా రానట్టు. రెండోసారి చూస్తే బాగా వచ్చినట్టు. ఇంటికెళ్లే బస్సులో ఒక్క మాట ఉండదు. ఆ కాగితం తీసి చూసుకోవడం, మళ్లీ అవే మడతల మీద మడిచి పెట్టుకోవడం. తిట్టినా బాగుండేదనిపించేది.

చివరికి చీలమండ నొప్పి అని అబద్ధం చెప్పి మానేశాను. అంకుల్, మీ అమ్మాయి నోరు తెరిచి చెప్పింది. నాకు ఆ ధైర్యం లేకపోయింది.

ఎంవీపీ_నాన్న
స్పైక్స్ తల్లీ, నీది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. స్టాప్‌వాచ్ లేదు గానీ, నేను వీడియోలు తీస్తాను. తీసి రాత్రి అన్నం తినేటప్పుడు చూపిస్తాను. మంచిదే చేస్తున్నాననుకున్నా.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. 'అంతే అన్నాను' అని రాశాను కదా, అది మా ఆవిడ చదివింది. 'గురుద్వారా దగ్గర మొదలుపెట్టి మద్దిలపాలెం దాకా ఆపలేదట, పిల్ల చెప్పింది' అంటోంది.

మురీమిక్చర్
గురుద్వారా నుంచి మద్దిలపాలెం దాకా సాయంత్రం ట్రాఫిక్‌లోనా! పాపం ఆ పిల్ల.

కంచరపాలెం_కీపర్
సరే, మాటలు తగ్గించమనండి, ఒప్పుకుంటా. కానీ బీచ్‌కి పొమ్మని సలహా ఇచ్చేవాళ్లు ఒకటి ఆలోచించండి. 12 ఏళ్ల ఆడపిల్ల. కోర్టులో పెద్దవాళ్లు, బయటివాళ్లు, రకరకాల మనుషులు వచ్చిపోతుంటారు. సాయంత్రం ఏడింటికి చీకటి పడుతుంది. గేటు దగ్గర దింపేసి వెళ్లిపోవడానికి అదేమైనా పాల ప్యాకెట్టా?

ఉక్కునగరం_అమ్మ
ఈ మాట మాత్రం కీపర్ గారు సరిగ్గా చెప్పారు. కోచ్ ఎంత మంచివాడైనా మన మనిషి ఒకరు ఆ ఆవరణలో ఉండాల్సిందే. కంటికి కనపడకుండా, కేక వేస్తే వినపడేంత దూరంలో.

సగం_మారథాన్
నా కథ అచ్చంగా అక్కడే మొదలైందండీ. మా ఇద్దరు పిల్లలూ స్విమ్మింగ్. 41 ఏళ్ల వయసులో నేను పూల్ పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటూ, బజ్జీలు తింటూ రెండేళ్లలో తొమ్మిది కేజీలు పెరిగాను. ఒకరోజు చిన్నోడు 'నాన్నా, నువ్వెందుకు ఈదవు' అన్నాడు. నాకు ఈత రాదు. పరువు కోసం బయటికొచ్చి ప్రహరీ చుట్టూ నడవడం మొదలుపెట్టా. అలా అలా ఇప్పటికి నేవీ మారథాన్‌లో రెండుసార్లు 21 కి.మీ. పూర్తి చేశా. టైము అడగొద్దు. రెండోసారి నాతోపాటు ఫినిష్ చేసినాయన అరటిపండు వేషంలో ఉన్నాడు.

ఆ గంటన్నరే మీ టైము అనుకోండి. మొదటి నెల నడకే. తర్వాత రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. పక్కన ఎవరైనా ఉంటే ఆయాసపడకుండా ఓ మాట చెప్పగలగాలి, అంతే వేగం. మన ఊరి ఉక్కపోతలో వేరే ఊరివాళ్ల టైమింగులు చూసి పరిగెత్తితే పడిపోతారు. చెమట ఆరదిక్కడ. నిమ్మకాయ, ఉప్పు కలిపిన నీళ్లు ఒక సీసా దగ్గరుంచుకోండి.

ఆదివారం పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డుకి రండి. తెల్లారగట్ల బండ్లు ఆపేస్తారు కాబట్టి రోడ్డంతా మనదే. జలాంతర్గామి మ్యూజియం దగ్గర చాలామంది ఉంటాం. ఇసుకలో మాత్రం పరిగెత్తొద్దు.

చోడిఅంబలి
ఇసుకలో వద్దంటారేటి? మా చిన్నప్పుడు భీమిలిలో ఇసుకలోనే పరిగెత్తాం. కాళ్లు ఉక్కులా ఉండేవి. ఇప్పుడు ఆరేసి వేల బూట్లు వేసుకుని రోడ్డు మీద పరిగెత్తడం, ఆనక మోకాళ్లకి బెల్టు కట్టుకోడం. పొద్దున్నే గ్లాసుడు చోడి (రాగి) అంబలి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. అదీ ఫిట్‌నెస్.

ఫిజియో_మర్రిపాలెం
అంబలి మీద నాకు పేచీ లేదు, నేనూ తాగుతాను. ఇసుక సంగతి మాత్రం సగం_మారథాన్ చెప్పిందే నిజం. పొడి ఇసుకలో కాలు దిగబడి మడమ, పిక్కల మీద భారం పడుతుంది. తడి ఇసుక గట్టిగా ఉంటుంది గానీ సముద్రం వైపు వాలు. ఒక కాలు ఎత్తులో, ఒక కాలు పల్లంలో. అర కిలోమీటరు సరదాగా పర్లేదు, రోజూ వద్దు. చిన్నప్పటి నుంచి చెప్పుల్లేకుండా తిరిగినవాళ్ల పాదం వేరు, 15 ఏళ్లు కుర్చీలో కూర్చున్నవాళ్ల పాదం వేరు. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేసినప్పుడు మడమలో మేకు దిగినట్టు ఉంటే ఆగిపోండి, నడిచేకొద్దీ తగ్గింది కదా అని పరుగు పెంచకండి.

స్పైక్స్ రాసిన 'చీలమండ నొప్పి' లాంటివి నా దగ్గరికి తరచూ వస్తుంటాయి. ఎక్కడ నొక్కినా నొప్పి ఉండదు, అమ్మానాన్న గదిలోంచి బయటికెళ్తే కాలు బాగానే తిరుగుతుంది. అలాగని అన్నీ అబద్ధం అనుకోకండి. ఎదిగే వయసులో, ముఖ్యంగా 10 నుంచి 15 ఏళ్ల మధ్య, గెంతే ఆటలు ఆడే పిల్లలకి మోకాలి చిప్ప కింద ఎముక మీద చిన్న బొడిపెలా వచ్చి నొప్పి పెడుతుంది. ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారు. చాలామందికి ఎదుగుదల ఆగాక అదే సర్దుకుంటుంది, కానీ నొప్పి ఉన్నన్నాళ్లూ ఆట తగ్గించాలి. 'ఓర్చుకో, టోర్నీ ఉంది' అనే మాట నా గదిలో ఎన్నిసార్లు విన్నానో.

కంచరపాలెం_కీపర్
ఫిజియో గారూ, ఆ మాట అన్న నాన్నల్లో నేనూ ఉన్నాను. బొడిపె ఇప్పటికీ ఉంది వాడికి. నొప్పి లేదు.

డాల్ఫిన్_నోస్
మా ఇంట్లో కథ ఇంకో రకం. అమ్మాయి టేబుల్ టెన్నిస్. నాలుగేళ్లలో విజయవాడ, గుంటూరు, కాకినాడ, రాజమండ్రి, అన్నీ తిరిగాం. 'ఏం చూశారు' అని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. ఇండోర్ హాలు, లాడ్జి గది, రైల్వే స్టేషన్ టిఫిన్. కాకినాడ వెళ్లి కాజా కూడా తినలేదండీ, 'రేపు మ్యాచ్ ఉంది, స్వీట్లు వద్దు' అని నేనే అన్నాను.

పోయిన చలికాలం కోచ్‌తో చెప్పి రెండు రోజులు సెలవు పెట్టించి అరకు తీసుకెళ్లాను. కిరండూల్ రైలు, పొద్దున్నే. దారిలో 58 సొరంగాలు అని చదివి, అమ్మాయీ, తమ్ముడూ లెక్క మొదలుపెట్టారు. ప్రతి సొరంగంలోనూ బోగీ మొత్తం ఒకటే అరుపులు. 31 దగ్గర ఒకరు 30 అని, ఒకరు 32 అని కొట్టుకుని లెక్క వదిలేశారు. బొర్రా గుహల్లో దిగడం బాగానే దిగాను. ఎక్కేటప్పుడు ప్రతి పాతిక మెట్లకీ రాతిని పరిశీలిస్తున్నట్టు నటించి ఆగాను. నాలుగోసారి మా అమ్మాయి వెనక్కొచ్చి 'నాన్నా, ఈ రాయి కూడా ముఖ్యమేనా?' అంది.

రెండు రోజుల్లో ఒక్కసారి కూడా ఆట మాట రాలేదు. తిరుగు బస్సులో ఘాట్ రోడ్డు మలుపుల్లో ఇద్దరూ వాంతులు చేసుకున్నారు, అది వేరే సంగతి.

మురీమిక్చర్
'ఈ రాయి కూడా ముఖ్యమేనా' 😂 ఇకనుంచి మా ఆఫీసు మెట్ల దగ్గర ఇదే నా డైలాగు.

బీచ్‌రోడ్_బాబాయ్
అందరూ నాన్న ఎక్కువైపోయాడనే రాస్తున్నారు. నాకు నాన్న తక్కువయ్యాడు.

మా నాన్నది పోర్టులో షిఫ్టు డ్యూటీ. నేను ఆంధ్రా యూనివర్సిటీ గ్రౌండ్‌లో టెన్నిస్ బాల్ క్రికెట్ ఎన్ని వందల మ్యాచ్‌లు ఆడానో, ఒక్కటి కూడా ఆయన చూడలేదు. కానీ 1988 డిసెంబర్‌లో ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో న్యూజిలాండ్‌తో వన్డే జరిగినప్పుడు డ్యూటీ మార్చుకుని నన్ను తీసుకెళ్లాడు. నాకప్పుడు 14. ఆ రోజు మన ఓపెనర్ శ్రీకాంత్ ఐదు వికెట్లు తీశాడు, బ్యాటింగ్‌లో 70 కొట్టాడు. శ్రీకాంత్ బౌలింగ్ చేస్తాడని కూడా నాకు సరిగ్గా తెలీదు. నాన్న మాత్రం ప్రతి బంతికీ ముందే చెబుతున్నాడు, 'ఇది ముందుకొచ్చి ఆడాల్సింది', 'వీడు ఇప్పుడు లేపుతాడు చూడు' అని. ఈయనకి ఇంత క్రికెట్ తెలుసా అని నేను ఆట మానేసి ఆయన్నే చూశాను. తర్వాత ఎప్పుడూ ఆ మాటే ఎత్తలేదు, నేనూ అడగలేదు.

కాబట్టి ఎంవీపీ గారూ, పూర్తిగా మాయమైపోకండి.

పెందుర్తి_స్పైక్స్
బాబాయ్ గారూ, అదే తేడా. ఆ రోజు మీరిద్దరూ ఒకే వైపు కూర్చుని ఇంకెవరి ఆటో చూశారు.

కీపర్ గారు మొదట్లో నితీశ్ పేరెత్తారు కాబట్టి నేను జ్యోతి యర్రాజీ పేరెత్తుతాను, తనూ మన ఊరే. ఒలింపిక్స్ 100 మీటర్ల హర్డిల్స్‌లో పరిగెత్తిన తొలి భారతీయ మహిళ, 2024 పారిస్‌లో. వాళ్ల నాన్న సెక్యూరిటీ గార్డుగా పనిచేశారు. అలాంటి డ్యూటీలో రోజూ వచ్చి కూర్చోవడం ఎవరి వల్ల అవుతుంది?

సింహాద్రి_9
మ్యాచ్ చూడ్డం అంటే గుర్తొచ్చింది. 2025 అక్టోబర్ 12, మహిళల వరల్డ్ కప్, మధురవాడ స్టేడియంలో ఆస్ట్రేలియా మ్యాచ్. మా ఎనిమిదేళ్ల గుంటని తీసుకెళ్లా. మనవాళ్లు 330 కొట్టారు, గెలిచేశాం అనుకున్నా. వాళ్ల కెప్టెన్ హీలీ 142 కొట్టి లాగేసుకుంది, మూడు వికెట్ల తేడాతో పోయింది. నేను తల పట్టుకు కూర్చున్నా. మా గుంట పాప్‌కార్న్ తింటూ, 'ఇప్పుడు వీళ్లందర్నీ వాళ్ల నాన్నలు ఫోన్ చేసి తిడతారా?' అని అడిగింది. ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి నన్ను చూశారు.

చోడిఅంబలి
ఏం చెప్పారు మరి?

సింహాద్రి_9
ఆ హోరులో వినపడనట్టు నటించా.

ఎంవీపీ_నాన్న
పది రోజుల తర్వాత వచ్చాను. చేసింది చెప్తాను.

మర్నాడే అమ్మాయితో 'లోపలికి రాను, కానీ ప్రహరీ లోపలే ఉంటాను, ఏదైనా అయితే కేకెయ్' అన్నాను. 'కిటికీలోంచి చూడకూడదు' అంది. ఒప్పుకున్నా. భవనం చుట్టూ ఒక రౌండు మా ఫోన్ లెక్కలో 310 మీటర్లు. మొదటి రోజు నాలుగు రౌండ్లకే చొక్కా పిండితే నీళ్లు కారాయి. నా బరువు 91 అని ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది, రాసేశా. ఒక నల్లకుక్క నా వెనకే రెండు రౌండ్లు తిరిగి, విసుగొచ్చి పడుకుంది.

కష్టం నడక కాదండీ. ఉత్తరం వైపు గోడకి చిన్న వెంటిలేటర్ ఉంది. అక్కడికి రాగానే షటిల్ చప్పుడు వినిపిస్తుంది. బలంగా తగిలితే ఒక చప్పుడు, ఫ్రేముకి తగిలితే టక్కుమని ఇంకో చప్పుడు. అది మా పిల్లదేనా, ఇంకెవరిదో అని ప్రాణం లాగేస్తుంది. ఆ మూల దగ్గర నడక స్పీడు పెంచేస్తున్నా.

స్కూటర్ మీద 'ఆకలేస్తోందా' అనే మాటే అడుగుతున్నా. మొదటి మూడు రోజులు 'ఊఁ', 'లేదు'. నాలుగో రోజు 'నీకేమైంది నాన్నా, ఒంట్లో బాగోలేదా?' అంది.

ఉక్కునగరం_అమ్మ
😀 మా వాడు కూడా అచ్చం అలాగే అడిగాడు. కొనసాగించండి.

కంచరపాలెం_కీపర్
కిటికీలోంచి చూడకూడదన్నది మరీ అన్యాయం.

ఎంవీపీ_నాన్న
పాత థ్రెడ్ పైకి తెస్తున్నందుకు ఏమీ అనుకోకండి. సింహాచలం గిరి ప్రదక్షిణ చేసి వచ్చాను, ఇప్పుడే కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుని రాస్తున్నా.

ఏటా వెళ్లాలనుకుంటా, వెళ్లను. ఈసారి రోజూ తిరుగుతున్నా కదా, కొండ చుట్టూ 32 కి.మీ. ఎంతలే అనుకున్నా. అమ్మాయి 'నేనూ వస్తా' అంది. కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి మధ్యాహ్నం బయల్దేరాం. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక దాకా నేనే ముందు. దారి పొడుగునా నీళ్లు, మజ్జిగ, పులిహోర పెడుతూనే ఉన్నారు. విశాలాక్షినగర్ దగ్గర మూడో పులిహోర పొట్లం అందుకుంటే 'నాన్నా, మనం నడవడానికి వచ్చామా, తినడానికా' అంది.

అప్పూఘర్ దాటి ఎంవీపీలోకి వచ్చేసరికి పెద్ద పరీక్ష. మా ఇంటి సందు కుడిపక్కనే. ఫ్యాను, మంచం కళ్లముందు కనిపిస్తున్నాయి. ఒక్క ఐదు నిమిషాలు ఇంటికెళ్లొద్దామా అన్నాను. నా వంక చూసి ఏమీ అనకుండా చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది.

మాధవధార దగ్గర అయిపోయింది నా పని. చెప్పుల్లేకుండా నడిచానేమో, ఎడమ అరికాలు మీద రూపాయి బిళ్లంత బొబ్బ. అరుగు మీద కూలబడ్డా. జనం ఏరులా పోతూనే ఉన్నారు, ముసలమ్మలు కూడా దాటి వెళ్తున్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. పిల్ల పక్కన కూర్చుంది. ఎందుకు ఆగావనలేదు, ఇంకెంత దూరమో చెప్పలేదు. పది నిమిషాలు కాళ్లు ఊపుకుంటూ జనాన్ని చూసింది. తర్వాత 'మజ్జిగ తాగుతావా?' అంది.

అర్ధరాత్రి దాటాక గోపాలపట్నం, అక్కణ్ణుంచి మళ్లీ కొండ కిందికి. పూర్తి చేశాం.

ఫిజియో_మర్రిపాలెం
బొబ్బని పిన్నుతో పొడవకండి. శుభ్రంగా కడిగి, గాజు గుడ్డ వేసి వదిలేయండి. నాలుగు రోజులు రౌండ్లు బంద్.

బీచ్‌రోడ్_బాబాయ్
సింహాద్రి అప్పన్న దయ. వచ్చే ఏడు నేనూ మీతో వస్తా. పులిహోర నా వంతు కూడా మీరే తినెయ్యండి.

సగం_మారథాన్
32 నడిచినవాళ్లు 10 కి.మీ. పరిగెత్తగలరు. నేవీ మారథాన్‌కి పేరు ఇచ్చెయ్యండి. అరటిపండాయన్ని మనం ఓడించాలి.

పెందుర్తి_స్పైక్స్
అంకుల్, ఈ థ్రెడ్ మా నాన్నకి చూపించాను. మొత్తం చదివారు. ఏమీ అనలేదు. సాయంత్రం చూస్తే ఆ క్యాలెండర్ కాగితాల కట్ట నా టేబుల్ మీద ఉంది. రబ్బరు బ్యాండు కొత్తది వేసి పెట్టారు.

మురీమిక్చర్
అందరూ ఏడిపించేస్తున్నారు. ఇంతకీ ఎంవీపీ గారూ, లోపలికి రానిచ్చిందా లేదా?

ఎంవీపీ_నాన్న
శనివారాలు మాత్రం. వెనక వరస, స్తంభం పక్క కుర్చీ. వీడియో తీయకూడదు. ఫోన్ చూసుకుంటున్నట్టు ఉండాలట. ఇప్పుడు అక్కణ్ణుంచే ఇది టైప్ చేస్తున్నా.

కంచరపాలెం_కీపర్
స్కోరెంత?